ఇద్దరి నోట్లోనూ గార ఉంది, ఒకరి పళ్ళే ఎందుకు కదిలాయి?

ప్రొద్దుటూరు నుంచి 47 ఏళ్ళ బట్టల వ్యాపారి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఆయన చాలా ఏళ్ళుగా పొద్దున, రాత్రి రెండు పూటలా బ్రష్ చేస్తున్నారు. అయినా రెండేళ్ళ నుంచి చిగుళ్ళలో రక్తం వస్తోంది, కింది వరుసలో ముందు పళ్ళు నాలుగు కదులుతున్నాయి, నోరు వాసన వస్తోంది. ఆయన భార్య ఒక్క పూటే తోముకుంటారు, పళ్ళ వెనక గార కంటికి కనిపిస్తోంది, కానీ ఆమె పళ్ళలో ఒక్కటీ కదలడం లేదు. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయోటిక్ వేసుకుంటే వారం పది రోజులు తగ్గినట్టుండి మళ్ళీ మొదలవుతోంది. నాలుగేళ్ళుగా షుగర్ మాత్రలు వాడుతున్నారు, బీడీ అలవాటు మానేసి ఏడాదైంది. ఆయన తెలుసుకోవాలనుకుంటున్నవి మూడు విషయాలు: ఇది క్రిముల వల్ల వచ్చే జబ్బైతే మందుకు ఎందుకు లొంగడం లేదు, ఒకే ఇంట్లో ఒకే తిండి తినే ఇద్దరిలో ఒకరికే ఎందుకు వచ్చింది, క్లీనింగ్ చేయిస్తే పళ్ళు ఇంకా వదులవుతాయని చుట్టుపక్కల వాళ్ళు చెప్పే మాట నిజమేనా.

అయ్యా, నేను కడపలో ఇరవై ఏళ్ళకు పైగా చిగుళ్ళ వైద్యమే చేస్తున్నాను. మీ మూడు ప్రశ్నలకూ జవాబు ఒక్క చోటే ఉంది, అది అర్థమైతే మిగిలినవి వాటంతట అవే విడిపోతాయి. చిగుళ్ళ జబ్బును మొదలుపెట్టేది బ్యాక్టీరియానే, అందులో అనుమానం లేదు. అయితే పంటిని పట్టి ఉంచే నారలను తెంపి, ఎముకను కరిగించేది చాలావరకు ఆ బ్యాక్టీరియా మీదికి మన శరీరం పంపిన రక్షక కణాలే. క్రిములు పంటిని తినేసి వదులు చేస్తాయని చాలామంది అనుకుంటారు. పుచ్చు విషయంలో ఆ మాట కొంతవరకు సరిపోతుంది, ఎందుకంటే అక్కడ బ్యాక్టీరియా తయారుచేసే ఆమ్లమే పంటిని కరిగిస్తుంది. చిగుళ్ళ జబ్బు దారి వేరు.

ముందు పన్ను అనే అవయవం ఎంత విచిత్రమైన చోట ఉందో చూడండి. మన శరీరాన్ని బయటినుంచి కప్పి ఉంచే చర్మం గానీ, నోటి లోపలి పొర గానీ ఎక్కడా తెగకుండా సాగుతుంది. ఆ పొరను చీల్చుకొని ఒక గట్టి భాగం లోపలి ఎముక నుంచి బయటికి వచ్చేది పన్ను ఉన్న చోటే. పైగా చర్మమూ బుగ్గల లోపలి పొరా ఎప్పటికప్పుడు పై కణాలను రాల్చుకుంటూ ఉంటాయి, వాటితో పాటు వాటి మీద చేరిన బ్యాక్టీరియా కూడా రాలిపోతుంది. పన్ను అలా పై పొరను రాల్చదు. దాని మీద చేరింది చేరినట్టే ఉంటుంది. చిగురు అంచుకూ పంటికీ మధ్య 1 నుంచి 3 మిల్లీమీటర్ల లోతున సన్నని గాడి ఉంటుంది, ఆ గాడి అడుగున చిగురు కణాలు పంటి ఉపరితలాన్ని అంటిపెట్టుకొని ఒక కాలరులా ఉంటాయి. ఆ అతుకు గట్టి గోడలాంటిది కాదు, కొంత వదులుగా, నీరు ఊరేలా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న నోటిలో కూడా ఆ అతుకు గుండా తెల్ల రక్తకణాలు ఎడతెగకుండా గాడిలోకి వస్తూనే ఉంటాయి. అంటే మీకు ఏ జబ్బూ లేని రోజున కూడా అక్కడ కాపలా నడుస్తూనే ఉంటుంది.

ఇక పాచి సంగతి. పన్ను తోముకున్న కొద్ది నిమిషాల్లోనే లాలాజలంలోని ప్రోటీన్లు పంటి మీద కంటికి కనబడని పలుచని పొరగా పరుచుకుంటాయి. ఆ పొరకు మొదట స్ట్రెప్టోకాకస్ జాతి బ్యాక్టీరియా అంటుకుంటుంది, దాని మీద ఇంకొన్ని రకాలు, వాటి మీద మరికొన్ని చేరి, తాము ఊర్చిన జిగురులో తాము పాతుకుపోయి ఒక బస్తీలా స్థిరపడతాయి. పై వరుసలు ఆక్సిజన్ వాడుకునేసరికి లోపలి భాగం గాలి ఆడని చోటవుతుంది, గాలి అక్కరలేని రకాలు అక్కడ పెరుగుతాయి. శుభ్రం చేయకుండా వదిలేసిన పాచిలోకి లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ దిగి గట్టిపడితే అదే గార. మన వైపు ఇంటి ముందు పరిచిన కడప బండను గుర్తు చేసుకోండి. పాలిష్ పట్టిన వైపు నీళ్ళు పోస్తే జారిపోతాయి, పాలిష్ పట్టని గరుకు వైపు తడి ఉంటే పాచి పట్టి కాలు జారుతుంది. గార పాత్ర ఆ గరుకుదనమే. గట్టిపడిన గార తనంతట తాను చేసే హాని తక్కువ, దాని గరుకు పైభాగం మీద బతికున్న పాచి ఎప్పుడూ నిలిచి ఉండటమే అసలు ఇబ్బంది. గార బ్రష్‌కు రాదు కాబట్టి దాన్ని పనిముట్టుతో తీయాల్సి వస్తుంది.

పాచికీ చిగురు వాపుకూ ఉన్న సంబంధాన్ని తేల్చిచెప్పిన ప్రయోగం డెన్మార్క్‌లోని ఆర్హస్ నగరంలో జరిగింది. హరాల్డ్ లో అనే వైద్యుడూ ఆయన సహచరులూ 1965లో ప్రచురించిన ఆ ప్రయోగంలో ఆరోగ్యమైన చిగుళ్ళున్న 12 మంది పళ్ళు తోముకోవడం పూర్తిగా మానేశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. తిరిగి తోముకోవడం మొదలుపెట్టాక దాదాపు వారం రోజుల్లో అందరికీ తగ్గిపోయాయి. నేను ఈ ప్రయోగాన్ని ప్రతి రోగికీ చెబుతాను, ఎందుకంటే ఇందులో రెండు గొప్ప విషయాలున్నాయి. తోముకోకపోతే చిగురు వాపు రాని మనిషి అంటూ ఆ 12 మందిలో ఒక్కరూ లేరు, అలాగే వాపు దశలోనే పట్టుకుంటే తిరిగి మామూలు కాని చిగురు కూడా ఒక్కటీ లేదు.

ఆ వాపు దశలో లోపల ఏం జరుగుతుందో చెబుతాను. గాడిలో పాచి పెరిగిందని చిగురు కణాలు పసిగట్టి రసాయన సంకేతాలు పంపుతాయి. చిన్న రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటి గోడలు వదులై నీరు బయటికి ఊరుతుంది, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుంపులుగా గాడి వైపు కదులుతాయి. వాటి వెనకే టి కణాలు అనే మరో రకం తెల్ల రక్తకణాలు, ఆ తర్వాత ప్రతిరోధకాలు తయారుచేసే బి కణాలు, ప్లాస్మా కణాలు చేరతాయి. ఇన్ని కణాలకు చోటు కావాలి కాబట్టి చిగురును గట్టిగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు కొంత కరుగుతాయి. పైకి కనిపించేది మాత్రం ఎర్రబడి, మెత్తబడి, బ్రష్ తగలగానే రక్తం వచ్చే చిగురు. ఇక్కడే మనవాళ్ళలో ఎక్కువమంది పొరపాటు చేస్తారు. రక్తం వస్తోంది కదా అని ఆ చోట బ్రష్ పెట్టడం మానేస్తారు. పుండు మీద చెయ్యి పెట్టకూడదన్న జాగ్రత్త లాంటిదే అది, కానీ ఇక్కడ పుండుకు కారణమైన పాచి అక్కడే ఉండిపోతుంది. రక్తం వచ్చే చోటే మెత్తని బ్రష్‌తో నెమ్మదిగా, కానీ వదలకుండా శుభ్రం చేయాలి.

వాపు ఎన్నేళ్ళయినా వాపుగానే ఉండిపోవచ్చు. కొందరిలో మాత్రం అది కిందికి దిగుతుంది, అప్పుడే దాన్ని పీరియాడాంటైటిస్ అంటాం, పాతకాలం వాళ్ళు పయోరియా అనేవారు. న్యూట్రోఫిల్స్ బ్యాక్టీరియాను మింగి చంపడంతో పాటు తమలోని ఎంజైములను చుట్టూ వెదజల్లుతాయి, అందులో కొల్లాజినేజ్ ఒకటి. దానికి బ్యాక్టీరియా ఎక్కడుందో, పంటిని ఎముకకు కట్టి ఉంచే నార ఎక్కడుందో తేడా తెలియదు, కొల్లాజెన్ కనిపిస్తే కోస్తుంది. మామూలుగా ఆ ఎంజైములకు పగ్గాలు వేసే పదార్థాలు కూడా మన కణజాలంలో ఉంటాయి, కానీ వాపు ఏళ్ళ తరబడి ఆరకుండా ఉంటే పగ్గం చాలదు. నారలు తెగిన కొద్దీ చిగురు అతుకు పంటి వేరు మీద కిందికి జారుతుంది, గాడి లోతు పెరిగి పాకెట్ అవుతుంది, ఆ పాకెట్‌లోకి బ్రష్ చేరదు కాబట్టి అందులో పాచి నిశ్చింతగా పెరుగుతుంది.

ఎముక విషయం ఇంకా లోతైనది. మన ఎముక ఎప్పుడూ ఒక వైపు కరుగుతూ ఒక వైపు కట్టుకుంటూ ఉంటుంది. కరిగించే కణాలను ఆస్టియోక్లాస్టులు అంటారు, వాటిని పనిలోకి దింపే సంకేతం పేరు ర్యాంక్‌ఎల్. ఆ సంకేతాన్ని అడ్డుకొని ఎముకను కాపాడే పదార్థం ఇంకొకటి ఉంది, దాన్ని ఆస్టియోప్రొటెజెరిన్ అంటారు. చిగురు వాపు లోతుకు దిగినప్పుడు అక్కడ గుమిగూడిన టి కణాలూ బి కణాలూ ర్యాంక్‌ఎల్‌ను ఎక్కువగా తయారుచేస్తాయి, ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్, ప్రోస్టాగ్లాండిన్ ఇ2 వంటి వాపు రసాయనాలు దానికి తోడవుతాయి, తూకం కరిగించే వైపుకు మొగ్గుతుంది. బ్యాక్టీరియా ఎముకను తాకకముందే ఎముక వెనక్కి తగ్గుతుంది. పాచి అంచుకూ ఎముకకూ మధ్య దాదాపు ఎప్పుడూ ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. నేను దీన్ని ఇలా అర్థం చేసుకుంటాను: క్రిములు దవడ ఎముకలోకి పాకితే ప్రాణానికే ముప్పు కాబట్టి శరీరం పంటిని వదులుకోవడానికి సిద్ధపడి ఎముకను దూరం జరుపుతోంది. మీ పళ్ళు కదలడం అంటే ఈ వెనకడుగు చాలా ఏళ్ళుగా నొప్పి లేకుండా సాగిందని అర్థం. నొప్పి లేకపోవడమే ఈ జబ్బులో అన్నిటికన్నా చెడ్డ లక్షణం, ఎందుకంటే పంటి నొప్పి వస్తే పరుగెత్తుకొచ్చే మనిషి చిగురు రక్తానికి ఐదేళ్ళు ఆగుతాడు.

మరి ఏ బ్యాక్టీరియా ఇదంతా చేయిస్తుంది అన్న ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలాకాలం వేధించింది. నోటిలో 700కు పైగా రకాల బ్యాక్టీరియా ఉండగలవని లెక్క. 1998లో సాక్రన్‌స్కీ బృందం లోతైన పాకెట్లలో మూడు రకాలు కలిసికట్టుగా కనబడటాన్ని గుర్తించి వాటికి ఎర్ర గుంపు అని పేరు పెట్టింది. అవి పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్, టానెరెల్లా ఫోర్సైథియా, ట్రెపోనెమా డెంటికోలా. వాటిలో మొదటిది చేసే పని వింటే ఆశ్చర్యం వేస్తుంది. 2011లో హజిషెంగాలిస్, డార్వో తదితరులు ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఆ బ్యాక్టీరియా మొత్తం బ్యాక్టీరియాలో 0.01 శాతం కన్నా తక్కువ ఉన్నా ఎముక కరిగింది. అయితే నోటిలో ఇతర బ్యాక్టీరియా ఏదీ లేని ఎలుకల్లోకి దాన్ని ఒక్కదాన్నే వదిలితే ఎముక కరగలేదు. అంటే అది తానుగా ఎముకను నాశనం చేయడం లేదు. తన ఎంజైములతో మన రక్షణ వ్యవస్థలోని కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లను కోసి, న్యూట్రోఫిల్స్ చంపే శక్తిని తగ్గించి, వాపును మాత్రం అలాగే మండుతూ ఉండనిస్తోంది. ఆ అవకాశంతో మామూలుగా హాని చేయని రకాలు కూడా పెరిగి మొత్తం బస్తీ స్వభావమే మారిపోతోంది.

వాపు వల్ల ఆ బ్యాక్టీరియాకు లాభం ఏమిటంటే, తిండి. తెగిన కొల్లాజెన్ ముక్కలు, ఊరిన ప్రోటీన్లు, చిగురు రక్తంలోని ఇనుము, ఇవన్నీ దాని ఆహారమే. కాబట్టి పాచి వాపును పెంచుతుంది, ఆ వాపు తిరిగి వాపులోనే బతకగల రకాలను ఎంచి పెంచుతుంది. ఏది ముందు, ఏది వెనుక అని విడదీయలేని చక్రం ఇది. ఈ చక్రాన్ని అర్థం చేసుకోకుండా క్రిమిని చంపే మాత్ర ఒక్కటీ మింగితే సరిపోతుందనుకోవడం వల్లే మీ మందు పనిచేయలేదు. మింగిన యాంటీబయోటిక్ రక్తం ద్వారా పాకెట్ చుట్టూ ఉన్న కణజాలానికి చేరుతుంది, కానీ జిగురులో పాతుకుపోయిన బ్యాక్టీరియాలోకి సరిగా దిగదు, లోపల నిద్రాణంగా ఉన్న వాటిపై పనిచేయదు. దిగుడు బావి మెట్ల మీది పాచిపై మందునీళ్ళు చల్లితే పై పొర తెల్లబడుతుంది, గీకి తీస్తేనే మెట్టు కనిపిస్తుంది. పైపై రకాలు తగ్గినందువల్ల మీకు వారం రోజులు ఉపశమనం కలిగింది, గార మీద మిగిలినవి మళ్ళీ పెరిగాయి. చాలా వేగంగా ముదిరే జబ్బులో గార పూర్తిగా తీసిన తర్వాత, తోడుగా మేము యాంటీబయోటిక్ రాస్తాం. గార తీయకుండా మందుల షాపులో మాటిమాటికీ కొనుక్కొని వేసుకోవడం మాత్రం చిగురుకు మేలు చేయకపోగా, రేపు నిజమైన అవసరం వచ్చినప్పుడు ఆ మందు పనిచేయకుండా పోయే ప్రమాదాన్ని తెస్తుంది. దయచేసి అది ఆపండి.

నేను చెప్పిన విషయానికి సాక్ష్యంగా ఒక మందు సంగతి చెప్పాలి. డాక్సీసైక్లిన్ అందరికీ తెలిసిన యాంటీబయోటిక్. దాన్ని బ్యాక్టీరియాను చంపలేనంత తక్కువ మోతాదులో, 20 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, చిగుళ్ళ జబ్బులో శుభ్రం చేసే చికిత్సకు తోడుగా వాడటానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ 1998లో అనుమతించింది. బ్యాక్టీరియాను చంపని మోతాదు ఎలా పనిచేస్తుంది అంటే, అది మన కణాలు విడిచే కొల్లాజినేజ్‌ను అదుపు చేస్తుంది. నష్టంలో మన శరీరం వాటా ఎంతో చెప్పడానికి ఇంతకన్నా సూటైన ఉదాహరణ నాకు తెలియదు. ఇది చదివి ఆ మాత్ర కొనుక్కోకండి, దాన్ని ఎవరికి ఎన్ని నెలలు ఇవ్వాలో నోరు చూసిన వైద్యుడే నిర్ణయించాలి.

ఇక మీ ఇంట్లో మీకే ఎందుకు వచ్చింది అన్న ప్రశ్న. శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది మగ కూలీలను ఇదే హరాల్డ్ లో బృందం 1970 నుంచి 15 ఏళ్ళ పాటు పరిశీలించింది. వాళ్ళకు పళ్ళు తోముకునే అలవాటే లేదు, దంతవైద్యం అందుబాటులో లేదు, అందరి నోళ్ళలోనూ పాచి, గార, చిగురు వాపు సమానంగా ఉన్నాయి. అందరి పళ్ళూ ఒకేలా ఊడిపోయి ఉండాలి కదా. అలా జరగలేదు. 8 శాతం మందిలో జబ్బు చాలా వేగంగా ముదిరింది, 81 శాతం మందిలో నెమ్మదిగా ముదిరింది, 11 శాతం మందిలో చిగురు వాపు దాటి ముందుకే పోలేదు. 35 ఏళ్ళ వయసుకు మొదటి గుంపులో పంటిని పట్టి ఉంచే అతుకు సగటున 9 మిల్లీమీటర్లు పోతే, రెండో గుంపులో 4 మిల్లీమీటర్లు, మూడో గుంపులో ఒక మిల్లీమీటరు కూడా పోలేదు. పాచి సమానమే, దానికి ఒక్కో శరీరం ఇచ్చిన జవాబు వేరు. మీ భార్య ఆ 11 శాతం లాంటి శరీరంతో పుట్టి ఉండవచ్చు. మీరు మిగిలినవారిలో ఒకరు. ఇందులో మీ నిర్లక్ష్యం ఉందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆ తేడాలో సుమారు సగం పుట్టుకతో వచ్చేదని కవల పిల్లల మీద జరిపిన అధ్యయనాలు చూపాయి. రక్షక కణాలు మరీ ఎక్కువగా రెచ్చిపోయినా చెడే, మరీ బలహీనమైనా చెడే. మన రాయలసీమలో మేనరికాలు ఎక్కువ కాబట్టి ఒక అరుదైన జబ్బును ఇక్కడ చెప్పడం అవసరమని నాకు అనిపిస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న ఒకే జన్యువు అందిన పిల్లల్లో పాపియాన్ లెఫెవ్ర్ సిండ్రోమ్ రావచ్చు. అరచేతులు, అరికాళ్ళు మందంగా గరుకెక్కి ఉంటాయి, పాల పళ్ళు వచ్చిన కొద్దికాలానికే చిగుళ్ళు ఎర్రగా వాచి నాలుగైదేళ్ళకే ఊడిపోతాయి, సరైన వైద్యం అందకపోతే శాశ్వత పళ్ళు కూడా పదిహేనేళ్ళలోపే పోవచ్చు. వాళ్ళలో న్యూట్రోఫిల్స్ వంటి కణాలకు అవసరమైన కాథెప్సిన్ సి అనే ఎంజైమ్ పనిచేయదు. అరికాళ్ళకు పూత మందు రాయించుకుంటూ, పళ్ళు ఊడటం మామూలే అనుకొని తిరిగే తల్లిదండ్రులు ఈ రెండిటినీ కలిపి చూపించాలి.

మీ విషయంలో పుట్టుకకు తోడైనవి రెండు ఉన్నాయి. మొదటిది షుగర్. అదుపులో లేని షుగర్ ఉన్నవారికి ఈ జబ్బు వచ్చే అవకాశం దాదాపు 3 రెట్లు. రక్తంలో చక్కెర ఎక్కువకాలం ఎక్కువగా ఉంటే అది ప్రోటీన్లకు అంటుకొని కొత్త పదార్థాలు ఏర్పడతాయి, అవి రక్షక కణాలను ఎప్పుడూ రెచ్చగొడుతూ ఉంటాయి. అదే సమయంలో న్యూట్రోఫిల్స్ చురుకుదనం తగ్గుతుంది, గాయం మానడం ఆలస్యమవుతుంది. ఇది ఒకవైపు దారి కాదు. చిగుళ్ళలో మండుతున్న వాపు ఇన్సులిన్ పనిని అడ్డుకొని షుగర్‌ను కూడా పెంచుతుంది. చిగుళ్ళకు చికిత్స చేస్తే మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ సుమారు 0.4 శాతం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. షుగర్ డాక్టర్లకు ఆ అంకె చిన్నది కాదని తెలుసు, మాత్ర ఒకటి చేర్చితే వచ్చే లాభానికి అది దగ్గర.

రెండోది బీడీ. పొగాకు చిగురు రక్తనాళాలను బిగిస్తుంది, రక్షక కణాల నడకను చెడగొడుతుంది. బీడీ తాగేవారి చిగురు లేత గులాబీ రంగులో గట్టిగా కనబడి రక్తం రాకపోవచ్చు, లోపల మాత్రం ఎముక కరిగిపోతూ ఉంటుంది. మీరు బీడీ మానేశాక రక్తం ఎక్కువైందని అనిపిస్తే కంగారు పడకండి, దాగి ఉన్న వాపు బయటపడింది, అంతే. చాలామంది ఇక్కడే భయపడి మళ్ళీ ముట్టిస్తారు. ఖైనీ, గుట్కా, పొగాకు పొడితో తోముకోవడం కూడా పెట్టిన చోట చిగురును కిందికి జార్చేవే.

మీరు రెండు పూటలా బ్రష్ చేస్తున్నా రావడం గురించి ఒక మాట. బ్రష్ కుచ్చు పంటి ముందు, వెనక, నమిలే వైపులు చూస్తుంది, రెండు పళ్ళ నడుమ సందులోకి వెళ్ళదు, ఈ జబ్బు ఎక్కువగా మొదలయ్యేది ఆ సందులోనే. మీ వయసులో, ఎముక తగ్గిన నోటిలో, సందు బ్రష్‌లు అని దొరికే చిన్న చిన్న బ్రష్‌లు, పళ్ళ సందులు శుభ్రం చేసే దారం (ఫ్లాస్) కన్నా బాగా పనిచేస్తాయి. బ్రష్ కుచ్చును చిగురు అంచు మీద ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో ఆనించి చిన్నగా కదిలించండి, అడ్డంగా రుద్దకండి. వేప పుల్ల, కానుగ పుల్ల గురించి అడిగేవాళ్ళు మన జిల్లాలో ఇప్పటికీ ఉన్నారు. నమిలి కుచ్చు మెత్తగా చేసుకొని ఓపికగా తోమితే పుల్ల ముందు పళ్ళను బాగానే శుభ్రం చేస్తుంది, దవడ పళ్ళ వెనక వైపు మాత్రం అందుకోలేదు. బొగ్గుపొడి, ఇటుకపొడి మాత్రం వద్దు, అవి పంటినీ చిగురునూ అరగదీస్తాయి.

క్లీనింగ్ వల్ల పళ్ళు వదులవుతాయన్న మాట ఎలా పుట్టిందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ మాట చెప్పేవారు చూసింది అబద్ధం కాదు, అర్థం చేసుకున్నదే తప్పు. ఎముక సగం పోయిన నాలుగు ముందు పళ్ళ వెనక గార పలకలా పేరుకొని వాటిని ఒకదానికొకటి అతికి ఉంచుతుంది. గార తీయగానే అప్పటికే వదులైన పళ్ళు విడివిడిగా కదులుతాయి. వాచి ఉన్న చిగురు వాపు తగ్గి కుదురుకోగానే పళ్ళ మధ్య ఖాళీలు కనబడతాయి, బయటపడిన వేరుకు చల్లనీళ్ళు జివ్వుమంటాయి. ఇవన్నీ జబ్బు అప్పటికే చేసిన నష్టం, క్లీనింగ్ దాన్ని బయటపెట్టింది. జివ్వుమనడం చాలామందిలో కొన్ని వారాల్లో తగ్గుతుంది. వాపు దిగాక చాలా పళ్ళు మునుపటి కన్నా గట్టిపడతాయి కూడా. మరీ కదిలేవాటిని సన్నని తీగతో ఒకదానికొకటి కలిపి నిలబెట్టవచ్చు. ఇంకో మాట, అనంతపురం వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల పళ్ళ మీద వచ్చే గోధుమ రంగు మచ్చలను గార అనుకొని క్లీనింగ్‌కు వస్తుంటారు. అవి పంటి పొరలోనే ఉంటాయి, క్లీనింగ్‌తో పోవు, వాటికీ చిగుళ్ళ జబ్బుకూ సంబంధం లేదు.

మీరు వెళ్ళిన చోట ముందుగా జరగాల్సింది కొలత. మిల్లీమీటరు గీతలున్న సన్నని పుల్లలాంటి ప్రోబ్‌తో ప్రతి పంటి చుట్టూ ఆరు చోట్ల లోతు కొలిచి రాయాలి, ఎక్స్‌రే తీసి ఎముక ఎంత మిగిలిందో చూడాలి. ఇవి లేకుండా పది నిమిషాల్లో చేసే క్లీనింగ్ మీ జబ్బుకు చాలదు. మీకు కావాల్సింది చిగురు కింద, వేరు మీద ఉన్న గారను మత్తు ఇచ్చి తీయడం, అది రెండు నుంచి నాలుగు విడతలు పడుతుంది. 6 నుంచి 8 వారాల తర్వాత మళ్ళీ కొలవాలి. అప్పటికీ లోతు తగ్గని చోట్ల చిగురును కొద్దిగా పైకెత్తి శుభ్రం చేసే చిన్న ఆపరేషన్ అవసరం కావచ్చు. పోయిన ఎముక మొత్తం తిరిగి వస్తుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. కొన్ని ఆకారాల గుంటల్లో మాత్రమే ఎముక పొడి నింపి కొంత తిరిగి రాబట్టగలం. మిగిలిన ఎముకను మిగిల్చుకోవడమే అసలు లక్ష్యం, అది తప్పక సాధ్యమే. ఆ తర్వాత ప్రతి 3 నెలలకు ఒకసారి చూపించుకోవాలి, ఎందుకంటే లోతైన పాకెట్లలో పాత రకాల బ్యాక్టీరియా సుమారు ఆ వ్యవధిలోనే తిరిగి స్థిరపడుతుంది. మీ షుగర్ రిపోర్టులు, వాడే మందుల చీటీ వెంట తీసుకెళ్ళండి. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతుంటే ఆ సంగతీ చెప్పండి, కొందరిలో ఆ మాత్ర వల్ల చిగుళ్ళు పెరుగుతాయి. ఖర్చు భారమైతే కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, అక్కడ చిగుళ్ళ విభాగం ప్రత్యేకంగా ఉంటుంది.

మీ భార్య పళ్ళు గట్టిగా ఉన్నాయని ఆమె గారను వదిలేయకండి. రేపు ఆమెకూ షుగర్ వస్తే ఆమె శరీరం ఇచ్చే జవాబు మారవచ్చు. మీకు పిల్లలుంటే, పద్దెనిమిదేళ్ళు దాటినవారిని ఈసారి మీతో పాటు తీసుకెళ్ళి ప్రోబ్‌తో కొలిపించండి. వాళ్ళ చిగుళ్ళు పైకి గులాబీ రంగులో బాగానే కనిపించినా కొలిపించండి, ముఖ్యంగా మొదటి దవడ పళ్ళ చుట్టూ, ముందు పళ్ళ చుట్టూ. ఐదు నిమిషాల పని అది, నొప్పి ఉండదు, 3 మిల్లీమీటర్ల లోపు అని చీటీ మీద రాయించుకొని దాచుకుంటే వచ్చే ఏడాది పోల్చి చూసుకోవచ్చు.